సెవేరో వంతు

పెరూ రాజధాని లిమా శివారు కొండవాలులోని పాల కమిటీలో ఆ వీధి తల్లులే సభ్యులు. వంతులవారీగా తెల్లవారకముందే ఓట్స్ గంజి కాచి, పాలు కలిపి అరవై మంది పిల్లలకు పోస్తారు. గంజి చెడగొట్టిన ఇంటి పేరు వంతుల పుస్తకంలోంచి కొట్టేస్తారు. ఇక ఆ ఇంటి పిల్లలకు గ్లాసు ఉండదు.

ఆ రోజు వంతు నెలీదాది. ఆమె బట్టల కార్ఖానాలో కుట్టుపనికి వెళ్ళిపోయింది. తాపీపని మానేసి పిల్లల్ని చూసుకుంటున్న ఆమె భర్త సెవేరో, ఏడు నెలల యానెత్‌ను వీపుకు కట్టుకుని, నాలుగేళ్ళ దెయ్‌సీని నడిపించుకుంటూ వచ్చాడు.

"ఏంటయ్యా, బంగాళాదుంపల మూటలా కట్టావు పిల్లని?" అంది సాయానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకరైన రుఫీనా.

"దుంపలు కిందపడితే ఏరుకోవచ్చు వదినా. అందుకే దీన్ని ఇంకా గట్టిగా కట్టా."

ఆడవాళ్ళు నవ్వారు. అతను పొయ్యి వెలిగించి, ఎత్తైన కొండల్లోని తమ పునోలో ఊరందరికీ వండేటప్పుడు వాళ్ళమ్మ ఎంతసేపు కాచేదో అంతసేపూ కాచాడు. చివర్లో గరిటె అడుగున పట్టేసింది. మాడు వాసన.

పక్కనే దాల్చినచెక్క డబ్బా ఉంది. గుప్పెడు వేస్తే వాసన తెలియదు. సెవేరో ఒక్క క్షణం దానివైపే చూశాడు. తర్వాత అడుగు గీకకుండా పైగంజి వేరే కుండలోకి తోడి, కమిటీ పెద్ద ఫోర్తునాతాను పిలిచాడు.

"అక్కా, అడుగంటింది. రుచి చూసి చెప్పు, పోయచ్చో లేదో."

ఆమె చప్పరించింది. "ఎంతసేపు కాచావ్?"

"మా అమ్మ కాచినంతసేపు."

"అక్కడ కొండమీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయిరా! గంజికి ఎంతసేపైనా చాలదు. ఇక్కడ సముద్రం పక్కన అందులో సగం చాలు. పైనుంచి దిగినవాళ్ళం అందరం మొదటి కుండ మాడ్చినవాళ్ళమే. ఏం రుఫీనా?"

"నాది బొగ్గయింది," అంది రుఫీనా, కిందికి చూస్తూ.

"పోయచ్చు," అంటూ ఫోర్తునాతా వంతుల నోటుపుస్తకం తెరిచింది. "వచ్చే వంతుకి నెలీదా పేరేగా?"

"కాదక్కా. కాచింది నేను, మాడ్చింది నేను. నా పేరే రాయి."

పదకొండేళ్ళుగా ఆడవాళ్ళ పేర్లే ఉన్న ఆ పుస్తకంలో ఆమె సెవేరో అని రాసింది.

వరుసలో దెయ్‌సీ ముందున్న పిల్ల మూతి ముడిచింది. "మాడు వాసనొస్తోంది."

"వస్తుంది మరి," అంది దెయ్‌సీ, తల ఎగరేసి. "మా నాన్న కాచాడు."