రెండు మందు పెట్టెలు

పోయిన ఆదివారం మా మేనకోడలి కొడుకు ఏడో పుట్టినరోజని పిలిస్తే కోస్గిలో ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. కేకు కోయడం, ఒకరి ముఖానికి ఒకరు పూసుకోవడం అన్నీ అయ్యాక, పిల్లవాడి తాత, అంటే మేనకోడలి మామగారు, మైకు అందుకుని, "గీ పోరడు మా ఇంట్ల తిరుగుతుండంటే అగో, గా మూలకు కూసున్న బావ తెచ్చిచ్చిన మందు పుణ్యమే" అని నన్ను లేపి శాలువా కప్పాడు. నేను తల వంచుకున్నాను. అందరూ అణకువ అనుకున్నారు. అణకువ అనేది నా ఒంట్లో లేదని నా తోటి వయసు వాళ్ళకు తెలుసు కనుక, ఆ తల ఎందుకు వంగిందో మీకైనా చెప్పుకోవాలి.

నేను పశువుల దవాఖానలో పనిచేసి, తెలంగాణ వచ్చిన రెండేళ్ళకు రిటైరైనవాణ్ణి. ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ చూలు నిలిచే సూది వేయడం నా పని. నా చేతి మీదుగా పుట్టిన దూడల్ని నిలబెడితే కోస్గి నుంచి కొడంగల్ దాకా బారు తీరుతాయని చెప్పుకునేవాణ్ణి. సూది నిలవని బర్రెల్ని కూడా ఆ బారులో కలిపేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు మొద్దుబారుతుందని వెతుక్కుంటుంటే పాలమూరులో ఒక పెద్ద దవాఖాన వాళ్ళు ఊళ్ళు తిరిగే మనిషి కావాలన్నారు. పిల్లల కోసం చికిత్స చేయించుకున్న ఆడవాళ్ళ మీద ఏదో పరిశోధన అట. అప్పటి నుంచి ఎవరడిగినా నేను వైద్య పరిశోధనలో ఉన్నానని చెప్పేవాణ్ణి, వినేవాళ్ళకు నేను తెల్లకోటు వేసుకుని భూతద్దంలోకి చూస్తున్నట్టు కనిపించేది. నిజానికి నాకిచ్చింది ఒక సంచీ, ఒక కట్ట కాగితాలు, నా సొంత మోపెడ్‌కు కాస్త పెట్రోలు.

పరిశోధన సంగతి ఇది. చికిత్సతో కడుపు నిలిచిన వాళ్ళలో కొందరికి మొదటి మూడు నెలల్లో అది జారిపోతుంది. అలా జారకుండా ఒక గోలీ పనికొస్తుందేమో చూడాలని, సగం మందికి ఆ గోలీ, సగం మందికి అచ్చం అలాగే కనిపించే చక్కెర గోలీ ఇస్తారు. మిగతా వైద్యం అందరికీ ఒకటే. ఎవరిది ఏదో మింగే మనిషికి తెలియదు, ఇచ్చే నాకు తెలియదు, రాసే డాక్టరమ్మకు కూడా తెలియదు. పట్నంలో ఎవరి దగ్గరో జాబితా భద్రంగా ఉంటుంది. ఒక్కొక్కరికో నంబరు, నెలకో పెట్టె, పెట్టె మీద ఆ నంబరు చీటీ. నేను పెట్టె ఇచ్చి, పాత పెట్టెలో మిగిలిన గోలీలు లెక్కపెట్టి, వాంతులయ్యాయా, కళ్ళు తిరిగాయా అని అడిగి రాసుకుని రావాలి. ముందు ఈ షరతులన్నీ చదివి వినిపించి సంతకాలు తీసుకునేటప్పుడు ఒక ముసలవ్వ, "ఏంది సారూ, డాక్టరమ్మకే తెల్వని మందు మా పిల్ల ఎట్ల మింగాలె?" అని నిలదీసింది. నేను చెప్పిన జవాబుకు ఆమె నోరు మూతపడిందని పదిచోట్ల చెప్పాను గానీ, ఆ రోజు నేను నీళ్ళు నమిలితే డాక్టరమ్మే ఫోనులో గంటసేపు ఆమెకు నచ్చజెప్పింది.

నా సంచీలోని నంబర్లలో ఒకటి మా మేనకోడలిది. గొర్లు కాసుకునే ఇంటికి కోడలుగా వెళ్ళి ఎనిమిదేళ్ళు, ఆ ఇంట్లో రెండో పెళ్ళి మాట మొదలైన ఏడాదే కడుపు నిలిచింది. ఇంకొకటి నారాయణపేట దారిలో ఒక మగ్గం ఇంటి కోడలిది. ఇద్దరికీ ఒకే వారంలో కడుపు నిలిచింది, ఒకే రోజు మొదటి పెట్టెలు ఇచ్చాను.

నెల తిరిగాక అడిగితే మా పిల్ల, "మామా, గీ గోలీ యేసుకుంటే ఏమైతలేదు. పిప్పరమెంటు తిన్నట్టే ఉన్నది" అంది. మగ్గం ఇంటికి వెళ్తే ఆ కోడలు, "గోలీ యేసుకున్నంక కండ్లు తిరుగుతున్నయి సారూ, పోగు కనబడ్తలేదు" అంది. ఇంకేముంది, నా పశువైద్యమంతా పైకి లేచింది. పనిచేసే మందు ఒంటిని కుదపాలి, కుదపనిది మందు కాదు. అంటే అసలు గోలీ ఆమెకు, చక్కెర మా పిల్లకు.

రెండో నెల పెట్టెలు వచ్చిన మర్నాడు పొద్దున మా పొయ్యి మీద చాయ్ మరుగుతుంటే, ఆ ఆవిరి మీద రెండు పెట్టెల చీటీలూ మెత్తబెట్టి, ఊడదీసి, దానిది దీనికి, దీనిది దానికి అంటించాను. మా ఇంటావిడ తొంగిచూసి, "పొద్దుగాల్నే చాయ్ మీద గదేం కాపుతున్నవ్?" అంది. చీటీలు వంకరగా ఉంటే సరిచేస్తున్నానన్నాను. "వంకర నీ బుద్ధిల ఉన్నది. దాన్ని ఏ ఆవిరి మీద వెడితే సక్కగైతదో చూడు" అని గిన్నె లాక్కుంది. నేను నవ్వేశాను. ఆ పూటే రెండిళ్ళకూ వెళ్ళి పెట్టెలు ఇచ్చి వచ్చాను.

పన్నెండో రోజున మగ్గం ఇంటి కోడలికి కడుపు పోయింది.

ఆ కాగితం నేనే నింపాలి. ఎన్ని గోలీలు మింగింది, ఎన్ని మిగిలాయి అని లెక్కపెడితే ఒక్కటి కూడా తేడా రాలేదు. మరో రెండు వారాలు మామూలుగానే సంచీ తగిలించుకుని ఊళ్ళు తిరిగాను. మూడో నెల పెట్టెలు వచ్చాక మాత్రం ఉండబట్టలేక పాలమూరు బస్సెక్కి డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. పశ్చాత్తాపంతో వెళ్ళానని రాస్తే ఈ కాగితం కూడా నవ్వుతుంది. మగ్గం ఇంటికి పెట్టెలు ఆగిపోయాయి కనుక ఇక మార్చడానికి రెండో పెట్టె లేదు, మా పిల్లకు మూడో నెల చక్కెరే పోతుందన్న భయం సగం. మిగతాది, సరే, పశ్చాత్తాపమే అనుకోండి.

ఆవిడ అరవలేదు. "మేనకోడలికి మేలు జరగాలనుకున్నారు, సరే. ఆ మగ్గం ఇంటి అమ్మాయికి ఏం జరగాలనుకున్నారు?" అని అడిగింది. బయట బెంచీ మీద కూర్చోమని, పట్నంలో జాబితా ఉన్నవాళ్ళకు ఫోను చేసింది. అరగంట తర్వాత పిలిచి చెప్పింది: రెండు పెట్టెలూ ఒక తీరువే. మందైతే రెండూ మందు, చక్కెరైతే రెండూ చక్కెర. ఏదన్నది వాళ్ళు ఆవిడకూ చెప్పలేదు, నాకెలాగూ చెప్పరు. మార్చడం వల్ల ఎవరి నోట్లోకి పోయేది మారలేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆవిడ మాత్రం నవ్వకుండా నా సంచీ తీసుకుని టేబుల్ కింద పెట్టింది. మోకాళ్ళ నొప్పులకు ఆ పని మానుకున్నానని ఊళ్ళో చెప్పాను.

మా పిల్లకు కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల నాడు నలుగురూ చేరితే నా నోరు ఊరుకోక, అసలు మందు నేనే దొంగతనంగా ఇప్పించానన్నట్టు కనుసైగలతో చెప్పాను. పుట్టినరోజు నాటి శాలువా దాని ఫలం.

మగ్గం ఇంటి కోడలు ఆ తర్వాత రెండేళ్ళకు కోస్గి సంతలో కనిపించింది. మళ్ళీ దవాఖానకు పోలేదట. గోలీలు తప్పించబట్టే కడుపు పోయిందని ఆమె అత్త ఇంకా అంటూనే ఉందట. "నేను ఒక్కపూట గూడ తప్పలే సారూ. నువ్వే లెక్కవెట్టినవు గదా, జర మా అత్తకొచ్చి చెప్పరాదు?" అంది. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. ఈ పిల్ల ఒక్క గోలీ కూడా తప్పలేదని అరుగు మీద నలుగురూ వినేటట్టు చెప్పాను. అత్త నా ముఖంలోకి చూసి, "మరెందుకు వోయినట్టు?" అంది. అది డాక్టర్లకే తెలియదన్నాను. అదీ నిజమే. కానీ పెట్టె నేను మార్చానని అనలేదు, ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండూ ఒకటే అయ్యాయి కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కానీ నేను మార్చిన పొద్దున అవి నాకు ఒకటి కావు.

ఇప్పుడు మందు పెట్టెలకు ప్లాస్టిక్ సీలు, గీతల గుర్తు, దాని మీద ఫోను పెడితే ఎవరిదో ఏ రోజుదో చూపించే ఏర్పాటు వచ్చాయట. నాలాంటి ముసలాడి చాయ్ గిన్నె ఏమీ చేయలేదు. మంచిదే. అప్పట్లో మందంటే తెచ్చిన మనిషే, మనిషి తెలిస్తే చాలు. చీటీలు మార్చిన ఆ రోజు పెట్టె ఇచ్చేటప్పుడు మగ్గం ఇంటి కోడలు అన్నం తింటోంది. చీటీ ఒక మూల లేచి ఉండటం ఆమే చూసింది, నేను చూడలేదు. కంచంలోంచి ఒక మెతుకు తీసి, ఆ మూల కింద పెట్టి, ఎడమచేతి బొటనవేలితో గట్టిగా అదిమింది. "పైలం సారూ, నంబరు ఊడితే ఎవల మందు ఎవలకు వోతదో" అని నాకు జాగ్రత్త చెప్పి, పెట్టెను గూట్లో పెట్టుకుంది.