మెలిన్న గొంతులో కేక

ఏథెన్సు కుమ్మరివాడలో మెలిన్న బార్లీ దంచడం మొదలుపెడితే పక్కింటివాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. రోకటి పోటుకో తిట్టు మరి. చావింట శోకాలు పెట్టడం ఆమెకు తల్లి నేర్పిన విద్య. కానీ ఆడవాళ్ళు వీధిలో గొంతెత్తకూడదని, గుండెలు బాదుకోకూడదని ఊళ్ళో చట్టం. నిరుడు కొడుకు మికియోన్ శవం వెనక నడుస్తూ ఒక్క కేక పెట్టబోతే, ఊరి అధికారి వేలు చూపించాడు. "నోరు ముయ్యవే ముసలీ!" మూసింది. ఆ కేక ఇంకా గొంతుకు అడ్డం పడే ఉంది.

అలాంటి మెలిన్నను నాటకాలాయన ఎవెనోర్ తన పెరట్లోకి పిలిపించాడు. ద్రాక్షసారా దేవుడు దియొనీసస్ జాతరకి కొత్త విషాద నాటకం కడుతున్నాడు. ట్రాయ్ నగరం కాలిపోయాక ఏడ్చే ఆడవాళ్ళుగా గడ్డాల మగవాళ్ళు ఆడముఖాల ముసుగులు తగిలించుకుని నిలబడ్డారు.

"అవ్వా, మావాళ్ళకి కాస్త ఏడవడం నేర్పు."

"మీది ఏడుపా, బలిమేక అరుపా? ఆడది ఏడిస్తే నేరం, ఆడవేషం కట్టి మగాడు ఏడిస్తే పండగానా?" నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముందు నా కొడుకు పేరు పెట్టి ఏడవండి. ట్రాయ్ సంగతి తరవాత."

ఎవెనోర్ నసిగి, సరేనన్నాడు. ఆమె జుట్టు విప్పుకుని, పెదవి కదపకుండా చేతులతోనే చూపించింది. "మికియోన్! నా తండ్రీ!" అని గొంతులన్నీ పెరడు అదిరేలా ఏడ్చాయి. దారినపోతున్న ఆ అధికారే గుమ్మంలో ఆగాడు. ఆ పేరు ఎవరిదో అతనికి గుర్తే లేదు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆహా, ఏం ఏడుస్తున్నారయ్యా!" అన్నాడు.

మెలిన్న అతని మొహం మీంచి చూపు తిప్పకుండానే మగవాళ్ళకి చెప్పింది:

"ఇంకా గట్టిగా!"