శేషయ్య బాబాయ్ కూత

ఎక్స్‌రే పలక చల్లగా ఛాతీకి తగిలింది. "ఊపిరి బిగబట్టండి తాతయ్యా," అన్నాడు అక్కడి కుర్రవాడు. బిగబట్టగానే శేషయ్య బాబాయ్ గుర్తొచ్చాడు.

ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాక, నన్ను చేరదీసింది ఆయన చెడుగుడు జట్టే. రేపల్లె నుంచి వచ్చి తెనాలి బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. 1960ల చివర్లో బాపట్ల దాకా ఆయన కూతకు సాటి లేదు. నలుగురు మీదపడినా ఒక్క ఊపిరిలో గీత దాకా ఈడ్చుకొచ్చేవాడు. నేనేమో కూత మధ్యలో ఎవరినో వెక్కిరించి, నవ్వొచ్చి, ఊపిరి తెగి అవుటయ్యేవాణ్ణి. "ఊపిరంతా వాగుడికే తగలేస్తున్నావేంట్రా!" అనేవాడు.

ఒక ఏడు ఆయన తొడలో నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. ఆటలో తగిలిన దెబ్బేనని వంతులేసుకుని వేడి నూనెతో మర్దనా చేశాం. అది కొబ్బరికాయంత అయ్యాక గుంటూరు తీసుకెళ్ళాం. అది కండలో పుట్టే కేన్సరనీ, చాలా అరుదనీ, కాలు తీసెయ్యాలనీ డాక్టరు చెప్పాడు.

"అరుదంటే, బాపట్ల జట్టులో ఎవరికీ లేనట్టేగా అండీ?" అన్నాడు బాబాయ్. డాక్టరుకు నవ్వాలో వద్దో తెలియలేదు. నేను మాత్రం అక్కడ నవ్వి, బయటికొచ్చి ఏడ్చాను.

కాలు పోయాక చంకకర్రలతో మైదానానికే వచ్చాడు. "కూత కాల్లో ఉండదుగా! నీకు నేర్పుతా రా," అన్నాడు. రోజూ సాయంత్రం ఇద్దరం ఒకేసారి కూత ఎత్తేవాళ్ళం. ఎప్పుడూ ముందు ఆగేది నేనే. ఒకనాడు ఆయన ఆగాడు. "ఏంటి బాబాయ్, ముసలాడివైపోయావ్!" అని గంతులేశాను. ఆయన దగ్గుతూ నవ్వాడు. తర్వాత ఎక్స్‌రేలో తేలింది, జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని. ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నారు.

"బాపట్ల పోటీలో నా కూత వినబడాలిరా. నువ్వే పెట్టాలి. మధ్యలో నవ్వావో, ఈ కర్ర విరుగుద్ది," అన్నాడు.

బాపట్లలో రెండు జట్లూ సమంగా ఉన్నప్పుడు ఆఖరి కూత నాకొచ్చింది. ముగ్గురు మీదపడ్డారు. నోట్లో ఇసుక. నా కాలు పట్టుకున్నవాడి మొహం చూడగానే మాంచి జోకు నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. కూత తెగనివ్వకుండా చెయ్యి చాచి గీత అందుకున్నాను.

గీత పక్కనే బాబాయ్, కళ్ళు మెరుస్తూ. "మధ్యలో ఏదో మింగావు. ఏంట్రా అది?"

చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ వేసవి ఆయన దాటలేదు.

"వదలండి తాతయ్యా. అయిపోయింది, వదిలెయ్యండి!" కుర్రవాడు కంగారుపడ్డాడు. ఇంకాసేపు పట్టి, అప్పుడు వదిలాను.

"ఏం ఊపిరండీ మీది!"

"నాది కాదు నాయనా," అన్నాను, "రేపల్లెది."