నిజాంపేటలో ఎవరి పెండ్లి?

జయానందానికి సొంత తెలివి లేదని ఎవరూ అనలేరు. ఉంది. వాడడు, అంతే. మెదక్ బస్టాండు దగ్గర ఆయన టెంటు హౌస్‌కు ఎదురుగానే మదన్ మోహన్ టెంటు హౌస్. పొద్దున షట్టరు లేపగానే జయానందం మొదట రోడ్డు అవతలకు చూస్తాడు. అక్కడ ఏం కనిపిస్తే, సాయంత్రానికి ఇక్కడా అది ఉండాలి.

మదన్ మోహన్ గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడితే ఈయనా కట్టాడు. భార్య మార్తమ్మ తల పట్టుకుంది.

"చర్చికి పొయ్యేటోనికి గివేందయ్యా? పాస్టరయ్యగారు జూస్తే ఏమంటడు?"

"దిష్టికి గాదే. కాంపిటీషన్‌కు!"

తెలంగాణ దీక్షా శిబిరానికి మదన్ మోహన్ ఊరికే టెంటు వేయిస్తే, ఈయన దాని పక్కనే ఇంకోటి వేయించాడు. దీక్షకు కూర్చున్నది నలుగురు. పాపం, పొద్దున ఆ టెంటులో, మధ్యాహ్నం ఈ టెంటులో, ఎవరి మనసూ నొప్పించకుండా ఉపవాసం చేశారు.

ఒకనాడు అవతల "మా నాయన కాలం చేసినందున షాపు బంద్" అని బోర్డు కనిపించింది. కాసేపటికి ఇక్కడా అదే బోర్డు. పరామర్శకు ఇంటికొచ్చిన జనానికి చాయ్ పోసింది జయానందం వాళ్ల నాయనే.

"గదేంది సేటూ?" అని ఎల్లం అడిగాడు.

"మదన్ మోహన్ ఊకెనే బంద్ వెడ్తడా? అండ్ల ఏదో మతలబుంటది!"

ఎల్లం జయానందం షాపులో టెంటు గుంజలు మోసే మనిషి. మీసం రాకముందు నుంచీ మోస్తున్నాడు. ఈ మధ్య నడుము పట్టేసింది. వంగితే లేవడు, లేస్తే వంగడు. ఎవరికీ చెప్పలేదు. మోయలేని హమాలీని ఏ సేటు ఉంచుకుంటాడు? వేరే పని రాదు. అందుకే బరువు ఎత్తే ముందు ఒక బీడీ ముట్టించి, దగ్గు సాకుతో కాసేపు నిలబడేవాడు.

అట్లాంటి రోజుల్లో మదన్ మోహన్ ఇంటర్నెట్టులోకి ఎక్కాడు. గూగుల్లో టెంటు హౌస్ అని కొడితే మొట్టమొదట ఆయన పేరేనట. జయానందానికి అన్నం సహించలేదు. ఎల్లాన్ని వెంటబెట్టుకుని, నెట్ సెంటర్ నడిపే నిస్సి దగ్గరికి పరుగెత్తాడు.

"బిడ్డా, గాయన పేజీల ఏమేం మాటలున్నయో అన్నీ నా పేజీల వెట్టు. పేరు, ఫోన్ నంబరు మార్చు, సాలు."

"అంకుల్, గవి వాళ్ల దందాకు వెట్టుకున్న మాటలు. ఎవలు ఏం వెతికితే మనం దొరకాల్నో మనమే సోంచాయించాలె. కాపీ కొడితే గూగుల్ గూడ కిందికి నూకుతది."

"గూగుల్‌కేమెరుక మెదక్ సంగతి! గిదేంది, 'నిజాంపేటలో టెంటు హౌస్' అని? మన మెదక్ పక్క నిజాంపేటను గూడ వట్టిండా! పెట్టు, పెట్టు."

"ఎందుకు వెట్టిండో జర అడగరాదుండ్రి."

"అడిగితే కాపీ ఎట్లయితది బిడ్డా?"

వారం తిరగలేదు, ఫోను మోగింది. నిజాంపేటలో పెండ్లి, రామాలయం ముందు టెంటు కావాలట. జయానందం ఫోనుకు దండం పెట్టి, వ్యాను నింపించాడు. నిజాంపేటలో గుడి ముందు సామాను దించారు. ఎల్లం పళ్లు బిగబట్టి గుంజలు పాతాడు. టెంటు లేచాక ఒక ముసలమ్మ వచ్చింది.

"ఎవలి పెండ్లి నాయనా?"

"మీ ఊర్ల పెండ్లి మమ్మల్ని అడుగుతవేందవ్వా?" అన్నాడు జయానందం.

"మా ఊర్ల పెండ్లయితే నాకు జెప్పకుంట జేస్తరా?"

అంతలో పెండ్లివాళ్ల ఫోను. "ఏడ ఉన్నరండీ? టైమైపోతుంది!"

"గుడి ముంగటనే ఉన్నం."

"మేం గూడ గుడి ముంగటనే ఉన్నం!"

జయానందం గుడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. "మీరు కనవడ్తలేరు సార్."

"కూకట్‌పల్లి దాటినంక లోపలికి మల్లిండ్రా లేదా?"

జయానందం మెల్లగా అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. అది హైదరాబాదు నిజాంపేట! సిగ్గు చంపుకుని మదన్ మోహన్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నిజాంపేట అని ఎందుకు వెట్టినవే?"

"హైదరాబాదు నిజాంపేటల మా బామ్మర్ది గోదాం ఉన్నది. ఆడ నీకేమున్నది?"

"నాకా? నాకు నువ్వున్నవన్నా! బేరం నువ్వే తీసుకో గని, జర గా పెండ్లి ఆగకుంట జూడు."

బామ్మర్ది గోదాం సామానుతో అక్కడి పెండ్లి గట్టెక్కింది. ఇక్కడ మళ్లీ అన్నీ పీకి వ్యాను ఎక్కించాలి. ఎల్లం గుంజ ఎత్తబోయి అట్లాగే వంగిపోయాడు. దగ్గినా ఎవరూ నమ్మే పరిస్థితి లేదు. జయానందం చూశాడు. ఆ గుంజ తన భుజాన వేసుకున్నాడు.

మర్నాడు, పని పోయిందనుకునే ఎల్లం షాపుకు వచ్చాడు. ముందు ఒక కుర్చీ వేసి ఉంది.

"రా ఎల్లం, కూసో. ఇయ్యాల్టి సంది నీకు మోసుడు బంద్. మోసేటోళ్లకు పని జెప్పాలె. జీతం గదే."

"నాకెందుకు సేటూ గింత మర్యాద?"

"నేను సొంతంగ వెడ్తనా ఏంది? మదన్ మోహన్ షాపుల గిట్లనే ఒకన్ని కూసోవెట్టిండు. మనం గూడ వెట్టాలె. కాంపిటీషన్!"

ఎల్లం రోడ్డు అవతలకు చూశాడు. కుర్చీ లేదు. కూర్చున్న మనిషీ లేడు. ఎల్లం ఈడు హమాలీ ఒకడు కుంటుకుంటూ గుంజలు మోస్తున్నాడు.

"ఏడున్నడు సేటూ?"

"గట్ల గుడ్లు దెరిచి సూడకు. కాపీ కొట్టినమని ఎరుకైతది!"

ఎల్లం గబుక్కున కూర్చున్నాడు. మధ్యాహ్నం మదన్ మోహనే రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం జయానందం, గిదేదో కొత్తగున్నదే! ఏడ నేర్సినవ్?"

"నీ దగ్గర్నే అన్నా."

మదన్ మోహన్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. తెల్లారి ఎల్లం వచ్చేసరికి రోడ్డు అవతల కూడా ఒక కుర్చీ. అందులో ఆ కుంటే హమాలీ, కూర్చుని ఏం చేయాలో తెలియక, ఎల్లం దిక్కే చూస్తున్నాడు.

ఎల్లం కాలు మీద కాలు వేసుకుని చూపించాడు. అతనూ వేసుకున్నాడు.