మదర్‌బోర్డుకు కొబ్బరికాయ కొట్టినవాణ్ణి

చిలకలూరిపేటలో నా డీటీపీ షాపు వెడల్పు ఆరడుగులు. పైన దాని పేరున్న బోర్డు పన్నెండడుగులు. పక్కనున్న చెప్పుల కొట్టు ఎండ మొహం చూడకుండా బతికిందంటే ఆ బోర్డు చలవే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలవి. జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు ఎగిరొచ్చి కంప్యూటర్లో ఎంతగా పేరుకునేదంటే, ఏడాదికోసారి దులిపితే ఒక దిండు, అదృష్టం బాగుంటే ఒక పరుపు తయారయ్యేది. వేడెక్కిపోతుందని సీపీయూ డబ్బాకు పక్క రేకు ఎప్పుడూ బిగించలేదు. తెరిచిన దాని కడుపుకు ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టేవాణ్ణి. గాలి దానికి, చెమట నాకు.

ఆ షాపుకు రెండేళ్లపాటు, వారానికి మూడు రోజులు, హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు వచ్చేవారు. అప్పటికి రిటైరయ్యారు. వాళ్ల చర్చిలో పెద్ద. వాళ్లమ్మా, ఆవిడతో కూలికెళ్లిన ఆడవాళ్లూ మిరప కోతల్లో పాడుకున్న పాటల్ని ఈయన ఏళ్ల తరబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. నూట ఎనభై పాటలు. ఆసామి పిసినారితనాన్ని తిట్టేవి కొన్ని. చేతుల మంటకు చంటిపిల్లాణ్ణి ముట్టుకోలేక దూరం నుంచి జోకొట్టే తల్లివి కొన్ని. పాడినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఆ పాటల్ని పుస్తకంగా చూసుకోవాలని ఆయన కోరిక. ఆయన చదివేవారు, నేను కొట్టేవాణ్ణి.

"ఒరేయ్, చేసినంతవరకూ ప్రూఫు తియ్యరా" అనేవారు మధ్యమధ్యలో.

"ఇంకు దండగ మాస్టారూ. అన్నీ అయ్యాక ఒకేసారి తీద్దాం. కంప్యూటర్లోకి ఎక్కిందంటే ఇక ప్రళయం వచ్చినా చెరగదండీ!"

చివరి పాట కూడా ఎక్కిన రోజు, నోటుపుస్తకాలకు చెద పట్టిందని దిగులుగా అన్నారు. "వాటితో ఇంకేం పనండీ, నీళ్లపొయ్యిలో పెట్టెయ్యండి" అన్నాను. నేను ఒకటికి పది చెప్తానని పేటలో అందరికీ తెలుసు. తొమ్మిది తీసేసి ఒకటి వింటారు. మాస్టారు మాత్రం పదీ విన్నారు. ఆ వారమే ఆ పుస్తకాలతో నీళ్లు కాచుకుని స్నానం చేశారు.

పేజీలు సర్దుకుని ఇంకో పది రోజుల్లో ప్రింటు తీస్తామనగా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా వీధిలో లారీకి, కుట్టుమిషనుకు, చివరికి మంగలి కత్తెరకు కూడా పూజ జరుగుతుంది. నా ఆయుధానికి తక్కువ చేస్తానా? స్క్రీను మీద దీపం బొమ్మ వెలిగించాను. డబ్బాకు పసుపు రాశాను, బొట్లు పెట్టాను, బంతిపూల దండ వేశాను. దాని ఎదురుగా కొబ్బరికాయ ఎంత భక్తిగా కొట్టానంటే ఒక చిప్ప రోడ్డు దాటి ఎరువుల కొట్లో పడింది. నీళ్లు మాత్రం ఎటూ పోలేదు. రేకు లేని పక్క నుంచి నేరుగా లోపలికెళ్లాయి. టప్ మని చిన్న చప్పుడు. దీపం ఆరిపోయింది.

మర్నాడు మాస్టారొచ్చి, పసుపు బొట్లతో చల్లబడి ఉన్న డబ్బాను చాలాసేపు చూశారు.

"మీ దేవుడికి కొబ్బరినీళ్లు ఇష్టమే, కాదన్ను. దీనికి ఇష్టమో కాదో కనుక్కున్నావట్రా?"

డబ్బాను ఒళ్లో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. అక్కడి రిపేరు షాపాయన విప్పి చూశాడు.

"మదర్‌బోర్డు పోయిందండీ. ప్రాసెసరు బానే ఉంది. కాకపోతే ఇది నిలువుగా దిగే రకం. ఇప్పుడొచ్చే బోర్డులన్నీ పడుకోబెట్టే రకం. ఇది వాటిలో దిగదు."

బోర్డుతోపాటు ప్రాసెసరూ కొత్తది కొని, పాత హార్డ్ డిస్కు తగిలించాను. అన్నీ తెరుచుకున్నాయి. సీడీల మీద పరాయివాళ్ల దగ్గర ఎత్తుకొచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్లన్నీ పెళ్లివారిలా నవ్వుతూ వచ్చాయి. జన్మలో నేను న్యాయంగా కొని, లైసెన్సు కాగితం ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన ఒకే ఒక్క తెలుగు సాఫ్ట్‌వేరు మాత్రం నన్ను గడప దగ్గరే ఆపేసింది. అది పాత ప్రాసెసరు నంబరును గుర్తుపెట్టుకుందట. ఆ నంబరు కనపడకపోతే తెరుచుకోదట. ఆ ఫైళ్లను ఇంకోదాంట్లో తెరిస్తే, తల్లి పాట ఉండాల్సిన చోట అక్షరాలు కాని పిచ్చి గుర్తులు, బెల్లంముక్కకు పట్టిన చీమల్లా కనపడ్డాయి.

కొత్త తాళం ఇవ్వమని కంపెనీకి ఫోన్ చేశాను. ఆ ఫోను నంబరు ఉపయోగంలో లేదని ఒకావిడ తీయగా చెప్పింది. ఉత్తరం రాస్తే, ఆ అడ్రసులో ఎవరూ లేరని తిరిగొచ్చింది.

"దొంగ కాపీ వాడుంటే ఈ బాధ తప్పేదిగదండీ" అని గుంటూరాయన ఓదార్చాడు.

మిగిలింది ఒకటే దారి. పాత ప్రాసెసరు దిగే పాత బోర్డు ఎక్కడన్నా దొరకాలి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా నేను వెతకని పాతసామాన్ల కొట్టు లేదు. నాలుగు నెలలు. మాస్టారు రోజూ షాపుకొచ్చి, ఏమీ అడక్కుండా కాసేపు కూర్చుని వెళ్లేవారు. తిట్టినా బాగుండేది.

చివరికి మా పేటలోనే, ఒక స్పిన్నింగు మిల్లు స్టోరులో, మూలపడేసిన కంప్యూటరు దొరికింది.

"తీసుకుపోండి సార్" అన్నాడు మిల్లు ఎలక్ట్రీషియను. "లోపల ఎలక కాపురముంటంది. దానికో మాట చెప్పి తీసుకుపోండి."

బోర్డు అదే రకం. నూగంతా బ్రష్షుతో తీస్తే, దాని మీది కెపాసిటర్లు, కరెంటును పట్టి ఉంచే చిన్న చిన్న గుండ్రటి డబ్బాలు, కొన్ని పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఉబ్బినవి ఎక్కువకాలం బతకవని నాకు తెలుసు. మాస్టారికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆయన ముందే పాత ప్రాసెసరు నిలువుగా దింపి, పాత హార్డ్ డిస్కు తగిలించి స్విచ్చి వేశాను. సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. పాటలు, అక్షరం పోకుండా, వరసగా ఉన్నాయి. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆ క్షణమే ప్రింటు కొట్టాల్సింది. కొట్టలేదు. నాలుగు నెలల అవమానం తీరిపోవాలని, మొదటి పేజీకి మిరపకాయల అంచు వేయడం మొదలుపెట్టాను. నాలుగు వైపులా, నూట పన్నెండు మిరపకాయలు, ప్రతి దానికీ తొడిమె. ముప్పావుగంట. "బాగుందా మాస్టారూ?" అంటే, "బాగుందిరా, ఇక కానీ" అన్నారు. అప్పుడు ప్రింటు కొట్టాను.

నలభై ఒకటో పాట బయటికొస్తుండగా కాలిన వాసన వచ్చింది. ఉబ్బిన కెపాసిటరు ఒకటి పగిలింది. బోర్డు పోతూ పోతూ ప్రాసెసరునూ తీసుకుపోయింది. సగం దాకా వచ్చిన కాగితాన్ని ప్రింటరు నోటి నుంచి నేనే లాగాను.

మాస్టారు కాగితాలన్నీ సర్ది ఒళ్లో పెట్టుకున్నారు.

"నలభై రెండోది మా అమ్మదిరా" అన్నారు.

తెల్లకాగితం, పెన్ను తీసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. కళ్లు మూసుకుని మొదటి పాదం చెప్పారు. రాశాను. ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి. మళ్లీ మొదటి పాదమే, ఈసారి రాగంతో పాడారు. మళ్లీ అక్కడే ఆగారు.

"ఇక్కడ మా అమ్మకు మిరప ఘాటుకు దగ్గొచ్చేది" అన్నారు. "దగ్గాక ఏం పాడేదిరా?"