మేళం ఆగిన గుమ్మం

బ్యాండు మేళం ఎక్కడ విన్నా నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

మాది ఆదోని పక్క పల్లె. నిరుడు మిరపకోతలకు చిలకలూరిపేట దగ్గరి ఊరికి వెళ్ళాను. ఒక సాయంత్రం చేను నుంచి వస్తుంటే పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. బ్యాండువాళ్ళు ఎంత బాగా వాయించారంటే, కాళ్ళనొప్పులు మరిచి వాళ్ళ వెనకే నడిచాను.

ఒక రేకుల ఇల్లు రాగానే మేళం ఆగిపోయింది. డ్రమ్ముల కర్రలు చంకలో పెట్టుకుని అందరూ చప్పుడు లేకుండా నడవసాగారు. క్లారినెట్ వాయించే ముసలి సాయిబుగారిని ఎందుకని అడిగాను.

"ఆ ఇంటాయన పోయి నెల కాలేదమ్మా. మిరపంతా తెగులుకు పోతే పురుగుమందు తాగాడు. చావింటి ముందు వాయించం."

అంతలో ఆ చనిపోయినాయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"వాయించండి సాయిబుగారూ. మీరు ఆపితేనే ఊరంతా మా ఇంటి వంక చూస్తారు."

"మర్యాద కాదు తల్లీ."

"మొన్నటి పెళ్ళికీ ఇట్టాగే ఆపారు. అప్పట్నుంచి నా పిల్లలు బయటికి రావట్లేదండీ."

ఆయన క్లారినెట్ నోట పెట్టుకున్నాడు. మొదటి ఊపిరి పాట కాలేదు. రెండోసారి ఊదాక డ్రమ్ములు అందుకున్నాయి. జనమంతా మళ్ళీ పెళ్ళికొడుకు వైపు తిరిగారు.

అప్పుడు ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.