నాయన పూజ వంతు

మా చిన్నాయనకు శాస్త్రం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో బాగా తెలుసు. ఆయన నాయనకు దాయాది తమ్ముడు, బడిలో పంతులు. తిరుచానూరు దగ్గర మా ఊరి చిన్నగుళ్లో ఒక నెల నాయన అర్చకుడైతే, ఇంకో నెల ఆయన. నాయన వంతు కూడా తనకెప్పుడు వస్తుందా అని ఏళ్ల తరబడి గోతికాడ నక్కలా కాచుకుని ఉండేవాడు.

ఎమర్జెన్సీ పోయిన నాలుగైదేళ్లకు నాయనకు మూత్రం బొట్టుబొట్టుగా రావడం మొదలైంది. అంతా వేడి అని మావాళ్లు సబ్జా నీళ్లు తాగించారు. నడుము పట్టేసి, పూజకు కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక వేలూరు తీసుకుపోయాము. మూత్రసంచి కింద గ్రంథిలో క్యాన్సర్, ఎముకలకు పాకింది అన్నాడు డాక్టరు. బీజాలు రెండూ తీసేస్తే దానికి మేత తగ్గుతుంది, నొప్పి దిగుతుంది, ఇంకొంత కాలం బతుకుతాడు అని తమిళం కలిసిన తెలుగులో విడమరిచి చెప్పాడు.

నాయన సరే అనలేదు. ఇంటికొచ్చి దాయాదులను పిలిపించి, కోయించుకుంటే పూజకు పనికొస్తానా అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నాయన కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, కళ్లు సగం మూశాడు. "అంగహీనుడు స్వామిని తాకగూడదన్నా. శాస్త్రంలో ఉండాది. నువ్వు కోయించుకో, బాగుండు. నీ వంతు నేను చూసుకుంటాలే" అన్నాడు. మిగతా మగవాళ్లు తలలూపారు. నొప్పికి గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి ఎదురుగా కూర్చుని గుడి వంతు పంచుకునే వాళ్లను చూస్తే అసహ్యం వేసింది.

"అట్లయితే నాకు ఆపరేషన్ వద్దులే" అన్నాడు నాయన.

నేను వంటింట్లోంచి బయటికొచ్చాను. "చిన్నాయనా, ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా కోయించుకుంటేనే గదా నీకు ఈ ఊరి బడికి బదిలీ వచ్చింది? ఆ పొద్దు శాస్త్రం యాడికి పోయినాది?" అని అడిగాను. చిన్నమ్మ ఆ సంగతి మా అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చిందని ఆయనకు తెలియదు.

"అది వేరే. లోపలి నరం. బయటికి ఏం కనపడదు" అని నసిగాడు.

"నాయనది మాత్రం పంచె విప్పి చూసేదెవరు?" అన్నాను. ఇంటి ఆడపిల్ల అనకూడని మాటే. ఆయన లేచి వెళ్లిపోయాడు, శాస్త్రం కూడా ఆయన వెంటే పోయింది.

ఆపరేషన్ అయింది. కొద్దిరోజులకే నాయన గోడ పట్టుకోకుండా నడిచాడు, కంటినిండా నిద్రపోయాడు. ఆయన వంతు నెల రాగానే చిన్నాయన గుడి తాళంచెవి తెచ్చి గమ్మున ఇచ్చిపోయాడు. గెలిచాననుకున్నాను.

మరుసటి పొద్దున నాయన స్నానం చేసి, నామం పెట్టుకుని గుడికి బయలుదేరాడు. పూలబుట్ట పట్టుకుని నేనూ వెళ్లాను. గర్భగుడి తలుపు తీసి, గడప ఇవతలే ఆగిపోయాడు.

"పో నాయనా, ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

"వాళ్లు అనేదానికి కాదమ్మా. నాకు తెలుసు గదా" అన్నాడు. చిన్నాయనను పిలుచుకురమ్మన్నాడు.

పిలుచుకొచ్చాను. పూజ ముగించి చిన్నాయన తీర్థం పంచుతుంటే, నాయన మగవాళ్ల వైపు పోకుండా, ఆడవాళ్ల వరసలో నా పక్కన నిలబడి చెయ్యి చాపాడు.